శ్రీనగర్‌లో పష్మీనా కొనేముందు ఒక్కసారి ఇది చదవండి

సంక్రాంతి సెలవులకి కశ్మీర్ వెళ్దామనుకుంటున్న మనవాళ్ళ కోసం రాస్తున్నాను. పోయిన జనవరిలో శ్రీనగర్‌లో అమ్మ కోసం 9,500 రూపాయలు పోసి పష్మీనా శాలువా కొన్నాను. అది పష్మీనా కాదు, కనీసం ఉన్ని కూడా కాదు.

ముందు చలి సంగతి చెప్పాలి, సగం దానివల్లే మోసపోయాను. డిసెంబర్ 21 నుంచి నలభై రోజుల్ని అక్కడ చిల్లయ్ కలాన్ అంటారు, చలికాలం మొత్తంలో అవే గడ్డు రోజులు. విమానం దిగింది మిట్టమధ్యాహ్నం, అయినా నోరు తెరిస్తే పొగ. చినార్ చెట్లకి ఒక్క ఆకు లేదు. దాల్ సరస్సు అంచుల్లో నీళ్ళు గాజుపలకలా గడ్డకట్టి ఉన్నాయి. రోడ్డు మీద చాలామంది ఫెరన్ (అక్కడివాళ్ళు వేసుకునే పొడవాటి వదులు అంగీ) చేతులు ఖాళీగా వేలాడుతుంటే ఏమిటా అని చూశాను. లోపల చేతుల్తో కాంగ్డీ పట్టుకుంటారట, అంటే బుట్టలో అమర్చిన నిప్పుల కుండ. మేం దిగిన హౌస్‌బోట్ పెద్దాయన నా వణుకు చూసి తన కాంగ్డీ తీసి నా ఒళ్ళో పెట్టాడు. అందుకే ఆ ఊరి మీద నాకు కోపం లేదు.

నా ఫోన్ ప్రీపెయిడ్. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు జమ్మూ కశ్మీర్‌లో పనిచెయ్యవు, పోస్ట్‌పెయిడ్ అయితేనే పనిచేస్తాయి. నాకా సంగతి అక్కడ దిగాకే తెలిసింది. మ్యాప్ లేదు, ధరలు చూసుకోడానికి నెట్ లేదు. ట్యాక్సీ అతను ఏ షాపు ముందు ఆపితే ఆ షాపులోకి వెళ్ళాను.

లోపల బుఖారీ పొయ్యి వెచ్చగా మండుతోంది. కూర్చోబెట్టి బాదం పలుకులు వేసిన కహ్వా, అంటే కశ్మీరీ టీ, ఇచ్చారు. షాపతను తన ఉంగరం తీసి శాలువా మొత్తం అందులోంచి సర్రున లాగేశాడు. 22,000 చెప్పి 9,500కి దిగాడు. అంతసేపు మర్యాద చేశాక వద్దని లేవడానికి మొహమాటం అడ్డొచ్చింది.

ఇంటికొచ్చాక అమ్మ అంచులోంచి ఒక పోగు లాగి దీపానికి పెట్టింది. చుర్రుమని ముడుచుకుపోయి నల్లటి గట్టి పూసయింది, ప్లాస్టిక్ వాసన. ఉన్నయితే వెంట్రుక కాలిన వాసన రావాలి, బూడిద వేళ్ళ మధ్య పొడి కావాలి. అమ్మ ఒక్క మాట అనలేదు. మడతపెట్టి బీరువాలో పెట్టేసింది. ఆ మౌనమే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

ఉంగరం పరీక్షని నమ్మకండి, పల్చటి బట్ట ఏదైనా అందులోంచి దూరుతుంది. కాల్చి చూసినా ప్లాస్టిక్ కాదని తెలుస్తుందే తప్ప పష్మీనా అని తేలదు, గొర్రె ఉన్ని కూడా అలాగే కాలుతుంది. అసలు పష్మీనా లద్దాఖ్‌లోని చాంగ్‌థాంగ్ మేకల మెత్తటి లోపలి బొచ్చుతో, చేత్తో వడికి, చేత్తో నేసేది. కశ్మీర్ పష్మీనాకి 2008 నుంచి జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు ఉంది. శ్రీనగర్‌లోనే పరీక్ష కేంద్రం ఉంది, అక్కడ పాసైన శాలువాకి నంబరున్న లేబుల్ వేస్తారు. ఆ లేబుల్ చూపించమనండి. గోడకున్న ‘గవర్నమెంట్ అప్రూవ్డ్’ బోర్డు చూసి నాలా సరిపెట్టుకోకండి.

కుంకుమపువ్వు కూడా అంతే. రెండు రేకులు గోరువెచ్చటి నీళ్ళలో వేసి చూపించమనండి. అసలుదైతే బంగారు రంగు మెల్లగా దిగుతుంది, రేకు మాత్రం ఎర్రగానే ఉంటుంది. వెయ్యగానే నీళ్ళు ఎర్రబడితే వద్దు.

షాపుకి ఫోన్ చేస్తే బిల్లు చూసుకోమన్నారు. అందులో ‘షాల్’ అని మాత్రమే ఉంది, పష్మీనా అన్న మాటే లేదు. మీరు మాత్రం ‘ప్యూర్ పష్మీనా’ అని బిల్లు మీద రాయించుకోండి. రాయనంటే, బయట ఎంత చలిగా ఉన్నా సరే, అప్పటికప్పుడే లేచి వచ్చెయ్యండి.