కెమెరా యాప్ తీసేశాను, లిమిటర్ ఉంచుకున్నాను: యూరప్ రోడ్ల మీద కొన్నేళ్ల వాడకం తర్వాత

యూరప్‌లో కొత్తగా కారు నడపడం మొదలుపెట్టిన మనవాళ్లు స్పీడ్ ఫైన్లు పడకుండా ఏం వాడాలని అడిగితే, ఎక్కువమంది ముందు స్పీడ్ కెమెరా ఉందని హెచ్చరించే ఏదో ఒక యాప్ పేరు చెప్తారు. నేను మాత్రం స్టీరింగ్ మీద బొటనవేలికి అందే ఒక బటన్ చూపిస్తాను. స్పీడ్ లిమిటర్. చాలా కార్లలో ఉంటుంది. కొన్నప్పటి నుంచి ఒక్కసారి కూడా నొక్కనివాళ్లే ఎక్కువ.

మేముండేది స్టుట్‌గార్ట్‌లో. మూడు గంటలు తోలితే ఇంకో దేశమే. పడమటికి ఫ్రాన్స్, దక్షిణానికి స్విట్జర్లాండ్, కాస్త తూర్పుకు తిరిగితే ఆస్ట్రియా. మా పాత డీజిల్ కారులో లిమిటర్ కొన్నేళ్లుగా వాడుతున్నాను. సెలవుల్లో అద్దెకు తీసుకున్న కొత్త కార్లలో రోడ్డు పక్క స్పీడ్ బోర్డులు చదివే కెమెరా, దాంతోపాటు వచ్చే కీచు అలారం కూడా బాగానే రుచి చూశాను. యాప్‌ను చట్టం ఒప్పుకునే స్పెయిన్, ఇటలీల్లో వాడాను. ఈ మూడింటి గురించే రాస్తున్నాను.

ముందు లిమిటర్. క్రూయిజ్ కంట్రోల్ వేరు, ఇది వేరు. క్రూయిజ్‌లో కాలు తీసేసినా కారు అదే వేగంతో పోతుంది. లిమిటర్‌లో కాలు పెడల్ మీదే ఉంటుంది. తొక్కితే పోతుంది, వదిలితే తగ్గుతుంది, మనం పెట్టిన అంకె మాత్రం దాటదు. నిజంగా అవసరమైతే పెడల్‌ను అడుగంటా తొక్కితే వదిలేస్తుంది. క్రూయిజ్ ఖాళీ హైవేకి బాగుంటుంది. లిమిటర్ అసలు సత్తా తెలిసేది ఊళ్లలో, 30 జోన్లలో, జర్మన్ హైవే ఆటోబాన్ మీద రోడ్డు పనులు జరిగే చోట. అక్కడ 130 పోతున్నవాణ్ని వరసగా 100, 80, ఒక్కోసారి 60కి దించేస్తారు. కెమెరా బండి కూడా అక్కడే ఎక్కడో నిలబడి ఉంటుంది. మొదటి బోర్డు కనబడగానే బొటనవేలితో అంకె దించేస్తే, ఆ తర్వాత స్పీడోమీటర్ వైపు చూసే పనే లేదు. చూపంతా రోడ్డు మీదే ఉంటుంది. నాకు దీనిలో అన్నిటికన్నా నచ్చింది ఇదే. డబ్బు సంగతి దాని తర్వాతే.

ఎంత పెట్టాలి? బోర్డు మీద ఎంతుంటే అంతే పెట్టండి. ఇక్కడ కొంతమంది లెక్కల మాస్టార్లు ఉంటారు: "టాలరెన్స్ ఉంది కదా, పది కలుపుకోవచ్చు" అంటారు. టాలరెన్స్ ఉన్న మాట నిజమే. జర్మనీలో కెమెరా కొలిచిన వేగంలోంచి, 100 లోపైతే 3 కిలోమీటర్లు, ఆ పైన 3 శాతం తీసేస్తారు. ఫ్రాన్స్, ఇటలీల్లో అదే 5 కిలోమీటర్లు, 5 శాతం. కానీ అది కొలిచే యంత్రంలో తేడా రావచ్చని ఇచ్చేది, మనకిచ్చే బోనస్ కాదు. పైగా యూరప్ నిబంధనల ప్రకారం స్పీడోమీటర్ అసలు వేగం కన్నా తక్కువ ఎప్పుడూ చూపించకూడదు, కొంత ఎక్కువ చూపించవచ్చు. మా కారులో లిమిటర్ 130 దగ్గర పెడితే జీపీఎస్ అంతకు నాలుగైదు తక్కువే చూపిస్తుంది. అంటే బోర్డు అంకె పెట్టుకున్నవాడికి రెండు వైపులా కాస్త జాగా ఉన్నట్టే. ఇంక ఏ లెక్కలూ అక్కర్లేదు.

ఆ కాస్త జాగాకు ఇక్కడ ఎంత విలువో ఫైన్లు చూస్తే తెలుస్తుంది. ఊళ్లో 50 ఉన్నచోట, టాలరెన్స్ పోగా 8 కిలోమీటర్లు ఎక్కువ పోయారనుకోండి. జర్మనీలో 30 యూరోలు. అదే ఫ్రాన్స్‌లో 135, త్వరగా కడితే 90. స్విట్జర్లాండ్‌లో 120 ఫ్రాంకులు. స్విస్‌వాళ్లు ఒక్క కిలోమీటర్ దగ్గర నుంచే మొదలుపెడతారు: ఊళ్లో 1 నుంచి 5 ఎక్కువైతే 40 ఫ్రాంకులు, హైవే మీదైతే 20. ఊళ్లో 15 దాటితే ఇక పట్టికలో ఫైన్ ఉండదు, కేసే. ఇంకా పెద్ద ఉల్లంఘన అయితే ఆదాయాన్ని బట్టి లెక్క కడతారు. ఫిన్లాండ్‌ది కూడా ఇదే పద్ధతి. 2023లో ఓలాండ్ దీవుల్లో 50 జోన్‌లో 82తో పోయిన ఒక కోటీశ్వరుడికి 1,21,000 యూరోలు పడింది. మనకి అంత సీన్ లేదు కానీ, జీతం స్లిప్పు చూసి ఫైన్ వేసే దేశాలున్నాయని తెలిస్తే బొటనవేలు కాస్త చురుగ్గా కదులుతుంది. ఆస్ట్రియాలో 2024 మార్చి నుంచి మరీ మితిమీరిన వేగానికి, ఊళ్లో 60, బయట 70 మించి ఎక్కువైతే, కారునే పట్టుకుపోవచ్చు.

ఇక బోర్డులు చదివే కెమెరా. 2024 జులై 7 నుంచి యూరోపియన్ యూనియన్‌లో కొత్తగా రిజిస్టరయ్యే ప్రతి కారులోనూ లిమిట్ ఎంతో కనిపెట్టి, అది దాటితే హెచ్చరించే ఏర్పాటు తప్పనిసరి; ఆ కనిపెట్టే పని ఎక్కువగా ఈ కెమెరాదే. ఆపుకోవచ్చు, కానీ ఇంజన్ మళ్లీ స్టార్ట్ చేస్తే అదీ మళ్లీ మొదలు. మా మావయ్యగారు కాకినాడ నుంచి వచ్చినప్పుడు ఇటలీలో అలాంటి కారే తీసుకున్నాం. గార్డా సరస్సు చేరేలోపే ఆయన, "ఏంటండీ అల్లుడుగారూ, ఇందాకటి నుంచి ఈ గోల? ఏదో పాడైనట్టుంది, ఎవరికైనా చూపించకపోయారా" అన్నారు. పాడవలేదు. పక్కన దిగిపోయే దారికి పెట్టిన 40 బోర్డు చదివేసి, హైవే మీద 120తో పోతున్న మమ్మల్ని నిలదీస్తోంది.

దాని చదువు ఎలా ఉంటుందంటే, అంకె ఉన్న గుండ్రటి బొమ్మ ఏది కనబడినా అప్పజెప్పేస్తుంది. ఫ్రాన్స్‌లో లారీల వెనక వాటి గరిష్ఠ వేగం 80, 90 అని గుండ్రటి స్టిక్కర్లుంటాయి, జర్మనీలో బస్సుల వెనక 100 అని ఉంటుంది. అవీ చదివేస్తుంది. బోర్డు కింద చిన్న పలకలో "తడిసినప్పుడు", "రాత్రి 22 నుంచి 6 వరకు" అని రాసి ఉన్నదాన్ని మాత్రం నేను నడిపిన కార్లు ఒకసారి పట్టించుకుని ఇంకోసారి వదిలేశాయి. అసలు అంకే లేని బోర్డుల దగ్గర ఇంకా కష్టం. ఫ్రాన్స్‌లో ఎర్ర అంచుతో ఊరి పేరు ఉన్న తెల్లబోర్డు కనబడిందంటే 50 మొదలైనట్టు. అదే పేరు మీద అడ్డగీత ఉన్న బోర్డు వచ్చేదాకా అంతే. జర్మనీలో పసుపు బోర్డుదీ ఇదే పని. ఇండియా నుంచి వచ్చి అద్దెకారు తీసుకునేవాళ్లు ఎక్కువగా దొరికిపోయేది ఇక్కడేనని నా అనుమానం. ఊరి పేరు చదువుకుని ముందుకెళ్లిపోతారు. అది స్పీడ్ బోర్డు అని ఎవరూ చెప్పి ఉండరు.

వాన సంగతి సరేసరి. ఫ్రాన్స్ మోటర్‌వే మీద 130 ఉన్నది వానలో 110 అవుతుంది, 110 ఉన్నది 100. ఇటలీలోనూ వానకు 130 కాస్తా 110. ఏ బోర్డూ మారదు. వైపర్లు తిరుగుతున్నాయని కారుకి తెలుసు, లిమిట్ తగ్గిందని తెలియదు. ఇంత తెలివైన యంత్రానికి ఆ రెండూ కలపడం ఎందుకు చేతకాదో నాకు అర్థం కాదు. నెదర్లాండ్స్‌లో గడియారం చూడాలి: 2020 మార్చి నుంచి పొద్దున 6 నుంచి సాయంత్రం 7 దాకా దాదాపు అన్ని మోటర్‌వేల మీద గరిష్ఠం 100, ఆ తర్వాత కొన్నిచోట్ల 120, 130. ఆస్ట్రియాలో ఇన్స్‌బ్రుక్ వైపు గాలి కాలుష్యం పేరుతో 100కి దించుతారు. ఆ బోర్డుల కింద ఐజీ-ఎల్ అని ఉంటుంది. ఇవన్నీ బయల్దేరే ముందు చదువుకోవాల్సినవే. మా ఆవిడ ఏ దేశం వెళ్తే ఆ దేశపు నాలుగు అంకెలూ చీటీ మీద రాసి డాష్‌బోర్డుకి అంటిస్తుంది. కొత్త కార్ల అలారం కన్నా ఆ చీటీ మీదే నాకు నమ్మకం ఎక్కువ.

బోర్డు చదివే కెమెరాతో ఒక్క మేలు మాత్రం చూశాను. కొన్ని కార్లలో అది చదివిన అంకెను చూపించి, ఒక బటన్ నొక్కితే లిమిటర్‌లో వేసేస్తుంది. తప్పు చదివితే మనం నొక్కం, సరిగ్గా చదివితే నొక్కుతాం. అలారం కట్టేసి ఇదొక్కటీ వాడుకుంటే బ్రహ్మాండం.

యాప్ విషయానికొస్తే, మొదట చట్టం. జర్మనీలో నడిపేవాడు కెమెరా హెచ్చరికలిచ్చే యాప్ వాడితే 75 యూరోలు, లైసెన్సు మీద ఒక పాయింటు. ఫోన్ పక్కవాళ్ల చేతిలో ఉంది కదా అన్న వాదన 2023లో కార్ల్స్‌రూహె ఉన్నత న్యాయస్థానంలో వీగిపోయింది. డ్రైవర్ దాన్ని ఉపయోగించుకుంటే వాడినట్టేనంది. విచిత్రమేంటంటే, అదే జర్మనీలో ఎఫ్ఎం రేడియోవాళ్లు ఫలానా రోడ్డు మీద కెమెరా ఉందని చక్కగా పాటల మధ్య చెప్తారు, అది నేరం కాదు. స్విట్జర్లాండ్‌లో ఇలాంటి హెచ్చరికలన్నీ నిషేధం, పరికరం దొరికితే లాగేసుకుంటారు. ఫ్రాన్స్‌లో కెమెరా ఫలానా చోట ఉందని కచ్చితంగా చూపించకూడదు, అందుకని యాప్‌లు "ప్రమాద ప్రాంతం" అని మోటర్‌వే మీద నాలుగు కిలోమీటర్ల పొడవున చూపిస్తాయి. స్పెయిన్‌లో కెమెరాల స్థానాలు తెలుసుకోవడం తప్పు కాదు, రాడార్‌ను పసిగట్టే పరికరం పెట్టుకోవడం తప్పు. ఇటలీలో అయితే కెమెరా ఉందని ముందే బోర్డు పెట్టాలని చట్టమే చెప్తోంది.

చట్టం పక్కన పెట్టినా, పనితనం చూసే నేను తీసేశాను. యాప్ మోగుతుంది, బ్రేకు తొక్కుతాం, దాటాక మళ్లీ యాక్సిలరేటర్ తొక్కుతాం. వెనకాల వచ్చేవాడికి మనం ఎందుకు బ్రేకు వేశామో తెలియదు. పైగా ఇప్పుడు చాలాచోట్ల రెండు చోట్ల ఫొటో తీసి, మధ్యదూరానికి సగటు వేగం లెక్క కడుతున్నారు. ఇటలీలో దీన్ని టూటర్ అంటారు, 2005 నుంచి ఉంది. ఆస్ట్రియాలో వియన్నాలోని కైజర్‌మ్యూలెన్ సొరంగంలో 2003లోనే పెట్టారు. నెదర్లాండ్స్‌లో ఆమ్‌స్టర్‌డామ్ నుంచి యూట్రెక్ట్ వెళ్లే ఏ2 మోటర్‌వే మీద అంతే. అక్కడ కెమెరా ముందు బ్రేకు వేస్తే ఏం లాభం? లిమిటర్‌కు ఇవన్నీ ఒకటే. కెమెరా ఎక్కడుందో దానికి తెలియదు, తెలియాల్సిన పనీ లేదు.

"ఆ దేశం దాటి వచ్చేస్తే ఎవడు పట్టుకుంటాడు" అనే మాట ఇంకా వినిపిస్తూనే ఉంటుంది. 2015 నాటి యూరోపియన్ యూనియన్ ఆదేశం (డైరెక్టివ్) ప్రకారం సభ్యదేశాలు నంబరు ప్లేటును బట్టి ఓనరు చిరునామా ఇచ్చిపుచ్చుకుంటాయి. 70 యూరోలూ, ఆ పైన ఫైన్లను మనం ఉండే దేశపు అధికారుల ద్వారానే వసూలు చేయించే ఏర్పాటు కూడా ఉంది. స్విట్జర్లాండ్ యూనియన్‌లో లేదు కాబట్టి జర్మనీ వాళ్లు ధీమాగా ఉండేవారు. 2024 మే నుంచి ఆ రెండు దేశాల మధ్య కూడా ఒప్పందం అమల్లోకి వచ్చింది, 80 ఫ్రాంకుల నుంచి ముక్కుపిండి వసూలు చేయవచ్చు.

అద్దెకార్లవాళ్లకి మరో బాధ. మా బావమరిది ఇటలీ తిరిగి కూకట్‌పల్లి చేరుకున్నాక, ముందు కార్డులోంచి "మీ వివరాలు పోలీసులకు ఇచ్చినందుకు" అని అద్దె కంపెనీ రుసుము కోసుకుంది. అది ఫైన్ కాదు. అసలు ఫైన్ కాగితం, దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు, ఎప్పటికో వచ్చింది. విదేశాల్లో ఉండేవాళ్లకు నోటీసు పంపడానికి అక్కడి చట్టం 360 రోజులు గడువిస్తుంది మరి. అందిన ఐదు రోజుల్లో కడితే 30 శాతం తగ్గింపు ఉంటుంది. మన హైదరాబాద్‌లో పెండింగ్ చలాన్లకు రాయితీ ప్రకటించేదాకా ఆగే అలవాటు ఇక్కడికి మోసుకురావద్దు. ఇక్కడ రాయితీ తొందరపడ్డవాడికే. స్పెయిన్‌లో 20 రోజుల్లో కడితే సగమే. ఫ్రాన్స్‌లో 135 కట్టకపోతే 375 అవుతుంది. నెదర్లాండ్స్‌లో మొదటి తాకీదుకే ఫైన్ పెరుగుతుంది.

లిమిటర్ లోపాలు కూడా చెప్పాలి. మా కారుది బ్రేకు వేయదు. బ్రెన్నర్ కనుమ నుంచి ఇన్స్‌బ్రుక్ వైపు దిగేటప్పుడు పెట్టిన అంకెను దాటి పోతుంది, గేరు తగ్గించి మనమే ఆపుకోవాలి. ఊళ్లో ప్రతి కిలోమీటరుకూ 50, 30, 50 మారే చోట బొటనవేలు నొప్పి పుడుతుంది. లిమిట్ పెరిగినప్పుడు పెంచడం మర్చిపోతే, ఓవర్‌టేక్ చేస్తుండగా కారు మొండికేస్తుంది. పెడల్ అడుగంటా తొక్కే అలవాటు ముందే ఖాళీ రోడ్డు మీద చేసుకోవాలి. ఇటలీలో ఎడమ లేన్‌లో కచ్చితంగా 130 పట్టుకుని పోతే వెనకాల అంటుకుని లైట్లు కొడతారు. కుడికి తప్పుకోండి, వాళ్లతో పంతం వద్దు. జర్మనీలో లిమిట్ లేని ఆటోబాన్ మీద దీంతో పని లేదు, నేనైతే అక్కడ కూడా సలహాగా చెప్పే 130 దగ్గరే పెట్టేస్తాను. డీజిల్ కూడా కలిసొస్తుంది. ఇటలీ పాత ఊళ్ల నడిబొడ్డున బయటి కార్లు రాకూడని జోన్లుంటాయి. వాటి ఫైన్ వేగానికి సంబంధించింది కాదు కాబట్టి అక్కడ లిమిటర్ ఏమీ చేయలేదు.

మా కారు మార్చే సమయం దగ్గరపడింది. చూసిన కొత్త మోడళ్లలో రెండింటికి లిమిటర్ బటన్ స్టీరింగ్ మీద లేదు, టచ్‌స్క్రీన్‌లో మూడు మెనూల లోపల దాచారు. వాటిని అక్కడికక్కడే వద్దనుకున్నాం. అద్దెకు తీసుకునేవాళ్లు కూడా తాళం చేతికిచ్చాక పార్కింగ్‌లోనే ఐదు నిమిషాలు కూర్చుని ఆ బటన్ ఎక్కడుందో, అంకె ఎలా మారుతుందో చూసుకోండి. కౌంటర్‌లో ఉన్నవాళ్లని అడిగితే క్రూయిజ్ చూపించి పంపేస్తారు, "అది కాదు, లిమిటర్" అని గట్టిగా అడగండి.