అధ్యక్షుడి సంతకమా, కాంగ్రెస్ చట్టమా?

అమెరికాలో వీసా మీద ఉన్న మనవాళ్లకు అధ్యక్షుడి ప్రతి కొత్త ఉత్తర్వుతోనూ టెన్షనే. ఏది నిలుస్తుంది, ఏది పోతుంది?

సమయం: ఉత్తర్వుకు ఒక్క సంతకం చాలు. చట్టానికి కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు)లోని రెండు సభలూ ఒప్పుకోవాలి. సెనేట్‌లో చాలా బిల్లులు ముందుకు కదలాలంటే 100లో 60 ఓట్లు కావాలి.

డబ్బు: ఖజానా తాళం కాంగ్రెస్ చేతిలోనే ఉంది.

కోర్టు రిస్క్: ఉత్తర్వుకే ఎక్కువ. 1952లో కొరియా యుద్ధం నడుస్తుండగా, సమ్మె రాకుండా అప్పటి అధ్యక్షుడు ట్రూమన్ ఉత్తర్వుతో ఉక్కు మిల్లులను స్వాధీనం చేసుకున్నారు. రెండు నెలలు తిరక్కుండానే సుప్రీంకోర్టు 6-3తో కొట్టేసింది. యుద్ధ సమయంలోనూ అధ్యక్షుడికి అడ్డు చెప్పిన ఆ తీర్పంటే నాకు ఎంతో గౌరవం.

ఆయుష్షు: పారిస్ వాతావరణ ఒప్పందంలో అమెరికాను ఒబామా చేర్చారు, ట్రంప్ తప్పించారు, బైడెన్ మళ్లీ చేర్చారు, ట్రంప్ మళ్లీ తప్పించారు. ఒబామాకేర్ (ఆరోగ్య బీమా పథకం) మాత్రం 2010 నాటి చట్టం. 2017 జులైలో అర్ధరాత్రి దాటాక సెనేట్‌లో ట్రంప్ పార్టీకే చెందిన సెనేటర్ మెకెయిన్ దాని రద్దుకు ‘వద్దు’ అంటూ బొటనవేలు కిందికి చూపించారు. రద్దు ప్రయత్నం 49-51తో వీగిపోయింది.

ఏది ఎప్పుడు: తక్షణ అవసరానికి, శాఖలకు ఆదేశాలకు ఉత్తర్వు సరిపోతుంది. తరాల పాటు నిలవాల్సినదానికి చట్టమే కావాలి. గ్రీన్‌కార్డుల్లో ఒక్కో దేశానికి 7 శాతం పరిమితి కాంగ్రెస్ రాసినదే. దాన్ని ఏ అధ్యక్షుడూ ఒక్క సంతకంతో తీసేయలేరు.