రెండు రోజుల ముంబయి పనికి ఒలింపస్ ఎక్స్‌ఏ, మూడు రోల్స్ హెచ్‌పీ5 ఫిల్మ్

హైదరాబాదు నుంచి ఆఫీసు పని మీద రెండు రోజులు ముంబయి వెళ్లేవాళ్లకి ఫొటోలు తీసుకోవడానికి దొరికే టైము చాలా తక్కువ. మీటింగ్‌కి ముందు పొద్దున్నే ఓ గంట, సాయంత్రం పనయ్యాక చీకటి పడేలోపు కాసేపు, ఆ తర్వాత వీధి దీపాల వెలుగు, అంతే. ఆ కాసేపట్లో కెమెరా హోటల్ గదిలో ఉండిపోతే అది ఎంత గొప్పదైనా లాభం లేదు. అందుకే ఇలాంటి ప్రయాణానికి కెమెరా ఎంచుకునేటప్పుడు మేం మొదట చూసేది ఒక్కటే: అది ఫార్మల్ ప్యాంటు జేబులోనో, ల్యాప్‌టాప్ బ్యాగు ముందు అరలోనో పట్టి రోజంతా వెంట ఉంటుందా లేదా. ఫిల్మ్ కెమెరాల్లో ఆ పరీక్ష నెగ్గి, అపర్చర్‌నీ (వెలుగు వచ్చే రంధ్రం సైజు) ఫోకస్‌నీ మన చేతిలోనే ఉంచేది ఒలింపస్ ఎక్స్‌ఏ.

ఇది 1979లో వచ్చింది. పెన్, ఓఎమ్-1 కెమెరాలను రూపొందించిన యోషిహిసా మైతానీయే దీన్నీ రూపొందించాడు. బరువు 225 గ్రాములు, పొడవు సుమారు పది సెంటీమీటర్లు, మందం నాలుగు. లెన్స్ 35 మి.మీ. ఎఫ్/2.8 (ఎఫ్ అంకె పెరిగే కొద్దీ అపర్చర్ చిన్నదవుతుంది). ముందున్న మూతను పక్కకి జరిపితే కెమెరా ఆన్ అవుతుంది, మూసేస్తే లెన్స్ కప్పుకుపోయి షట్టర్ లాక్ అవుతుంది. విడిగా లెన్స్ క్యాప్ లేదు, తోలు కేసూ అక్కర్లేదు. అపర్చర్ మనం పెడితే షట్టర్ వేగాన్ని 10 సెకన్ల నుంచి 1/500 సెకను దాకా కెమెరానే ఎంచుకుంటుంది. ఆ వేగాన్ని వ్యూఫైండర్లో ఎడమ పక్కనున్న సూది చూపిస్తుంది. లీఫ్ షట్టర్ (లెన్స్‌లోనే రేకుల్లా తెరుచుకునేది) కాబట్టి చప్పుడు దాదాపు ఉండదు, వణుకూ తక్కువే. మోచేతులు ఒంటికి ఆనించి పట్టుకుంటే 1/15 దగ్గర కూడా ఫొటో పదునుగా వస్తుంది.

ఎర్ర షట్టర్ బటన్ గురించి మాత్రం ముందే చెప్పాలి. దాన్ని లోపలికి నొక్కక్కర్లేదు, వేలు ఆనితే చాలు, పేలుతుంది, అంటే ఫొటో పడిపోతుంది. అలవాటు లేనివాళ్లకి మొదటి రోల్‌లో నాలుగైదు ఫ్రేములు నేల ఫొటోలుగా పోతాయి. తీయబోయే ముందు తప్ప వేలు దాని దరిదాపులకు పోకూడదు. మూత మూశాక ఫిల్మ్ చక్రం తిప్పి ఉంచినా ప్రమాదం లేదు.

వీధిలో దీన్ని వాడాల్సిన తీరు కెమెరా మీదే రాసి ఉంది. అపర్చర్ స్కేలు మీద 5.6, దూరం స్కేలు మీద 3 మీటర్లు నారింజ రంగులో ఉంటాయి. ఆ రెండూ పెడితే దాదాపు 2.1 మీటర్ల నుంచి 5 మీటర్ల దాకా అంతా ఫోకస్‌లో ఉంటుంది. పగటి వెలుగు బాగా ఉంటే ఎఫ్/8 పెట్టి దూరాన్ని 5 మీటర్ల దగ్గర ఆపితే, రెండున్నర మీటర్ల నుంచి దిగంతం దాకా సరిపోతుంది. రేంజ్‌ఫైండర్ (వ్యూఫైండర్లో రెండు బొమ్మలను ఒకటిగా కలిపి ఫోకస్ చేసే ఏర్పాటు) కావలసింది చీకటి పడ్డాక ఎఫ్/2.8 మీదకి వచ్చినప్పుడే. ఫోకస్ లివర్ చిన్నది, దాని కదలికా చిన్నదే, జేబులోంచి తీసేటప్పుడు వేలు తగిలి జరుగుతుంటుంది. కెమెరా తెరవగానే దూరం స్కేలు మీద ఓ చూపు వేయడం అలవాటు చేసుకోవాలి. లెన్స్ కింద ఉన్న ఐఎస్ఓ (ఫిల్మ్ వేగం) లివర్ విషయంలోనూ అంతే.

ఇక లోపాలు. ఎఫ్/2.8 దగ్గర మూలలు బాగా నల్లబడతాయి. రాత్రి వీధికి అది నప్పుతుంది గానీ, భవనాల ఫొటోలకి కనీసం ఎఫ్/5.6 దాకా మూయాలి. షట్టర్ 1/500తో ఆగిపోతుంది కాబట్టి 400 ఫిల్మ్‌తో మిట్టమధ్యాహ్నం ఎండలో ఎఫ్/16 తప్పదు. ఎఫ్/8లో వదిలేస్తే రెండు స్టాపులు ఎక్కువ వెలుగు పడుతుంది (ఒక్కో స్టాపుకి వెలుగు రెట్టింపు). ఐఎస్ఓ స్కేలు 25 నుంచి 800 వరకే, కాబట్టి 1600కి పుష్ చేద్దామనుకుంటే (ఎక్కువ వేగంగా లెక్కేసి తీసి, ఎక్కువసేపు కడగడం) కుదరదు. బ్యాటరీ అయిపోతే షట్టర్ అసలు పేలదు. ఎస్ఆర్44 బ్యాటరీలు రెండు కావాలి. ఎల్ఆర్44 కూడా అదే సైజు గానీ, వాడే కొద్దీ దాని వోల్టేజి జారుతుంది, మీటరింగ్ (వెలుగు కొలత) దానితో పాటే చెడుతుంది. మరో జత పర్సులో పడేసుకుంటే బరువేం కాదు. కెమెరా అడుగున ఉన్న చిన్న లివర్‌ని చెక్ అని రాసిన చోటికి తిప్పినప్పుడు బీప్ వినిపిస్తే బ్యాటరీలు బాగున్నట్టు. సెల్ఫ్ టైమర్, ప్లస్ 1.5 స్టాప్ బ్యాక్‌లైట్ సర్దుబాటు కూడా అదే లివర్‌తోనే.

తయారీ ఆగి దశాబ్దాలు గడిచాయి కాబట్టి దొరికేదల్లా సెకండ్ హ్యాండే. మన వాతావరణంలో గడిపిన కెమెరాలకి ప్రధాన శత్రువు లెన్స్‌లో ఫంగస్. ఎక్స్‌ఏలో బల్బ్ మోడ్ (బటన్ నొక్కినంతసేపు షట్టర్ తెరిచి ఉంచేది) లేదు కాబట్టి లోపల చూడడం కష్టమని చాలామంది చూడకుండానే కొనేస్తారు. దానికో ఉపాయం ఉంది. ఫిల్మ్ లేకుండా వెనక తలుపు తెరిచి, అపర్చర్ 2.8 పెట్టి, లెన్స్ పక్కనున్న మీటర్ కిటికీని వేలితో పూర్తిగా మూసి షట్టర్ తాకాలి. చీకటి అనుకుని షట్టర్ చాలా సెకన్లు తెరిచే ఉంటుంది. ఆ వ్యవధిలో ఫోన్ టార్చి వెనక నుంచి వేసి ముందు నుంచి చూస్తే సాలెగూడు పోగుల్లాంటి ఫంగస్, మబ్బు పట్టిన గాజు రెండూ కనబడిపోతాయి. అప్పుడు షట్టర్ తెరుచుకోకపోయినా, వేలు తీశాక వెలుగులో కూడా అంతే నెమ్మదిగా పేలినా మీటర్ చెడిందన్న మాట, ఆ కెమెరా వద్దు. తలుపు అంచుల్లో నల్ల స్పాంజి జిగురుగా చేతికి అంటితే లైట్ సీల్స్ (వెలుగు లోపలికి రాకుండా ఆపే పట్టీలు) మార్పించాలి. అది చిన్న పనే, ధర తగ్గించమని అడగొచ్చు. రేంజ్‌ఫైండర్ మధ్య మచ్చ వెలిసిపోయి కనబడటం ఈ మోడల్‌కి మామూలే. వ్యూఫైండర్ ముందు అద్దం నడిమధ్య నల్ల టేపు చిన్న ముక్క అంటిస్తే మచ్చ మళ్లీ స్పష్టంగా తేలుతుంది.

వేరే కెమెరాల సంగతి క్లుప్తంగా. ఎక్స్‌ఏ2 తక్కువ ధరకి దొరుకుతుంది, కానీ ఎఫ్/3.5 లెన్స్, మూడు గుర్తుల జోన్ ఫోకస్ (దగ్గర, మధ్య, దూరం), అపర్చర్ మన చేతిలో ఉండదు. ఒలింపస్ మ్యూ-2 ఇంకా తేలిక, చినుకులకి భయపడదు, ఆటోఫోకస్ కూడా. అయితే మూసి తెరిచిన ప్రతిసారీ ఫ్లాష్ మళ్లీ ఆటోకి పోతుంది. రాత్రి టీ కొట్టు దగ్గర అనుకోకుండా ఫ్లాష్ వెలిగితే అక్కడున్న అందరి తలలూ మన వైపు తిరుగుతాయి. ఐఎస్ఓ కూడా డబ్బా మీది డీఎక్స్ కోడ్‌ని బట్టే తీసుకుంటుంది, మనం మార్చలేం. నికాన్ ఎఫ్‌ఎమ్2 మాకు ప్రాణం, బ్యాటరీ లేకపోయినా 1/4000 దాకా నడుస్తుంది. కానీ ఒట్టి బాడీయే 540 గ్రాములు, లెన్స్‌తో కలిపితే జేబు మాట మరిచిపోవాలి. దాన్ని సెలవు పెట్టి వెళ్లే ప్రయాణానికి దాచుకోండి.

ఫిల్మ్ విషయంలో మా మాట గట్టిగా ఒక్కటే: ఒకే రకం తీసుకెళ్లండి, అది 400 వేగంది అయ్యుండాలి. కలరొకటి, బ్లాక్ అండ్ వైట్ ఒకటి పెట్టుకుంటే సాయంత్రానికి కెమెరాలో ఉన్న సగం రోల్ ఎప్పుడూ మనకి అప్పుడు అక్కర్లేనిదే అవుతుంది. ముంబయి సాయంత్రాలకి మేం ఎంచుకునేది ఇల్ఫర్డ్ హెచ్‌పీ5 ప్లస్ అనే బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్. ఒకే వీధిలో ఎల్‌ఈడీ, పసుపు సోడియం దీపం, దుకాణం ట్యూబ్‌లైటు పక్కపక్కనే వెలుగుతుంటాయి. కలర్ నెగటివ్ మీద ముఖం ఒక వైపు ఆకుపచ్చగా, మరో వైపు నారింజగా వస్తుంది, ఆ తేడాను స్కాన్‌లో సరిచేయడం తలనొప్పి. హెచ్‌పీ5కి ఆ బాధ లేదు. పైగా రెండు స్టాపులు ఎక్కువ వెలుగు పడినా తట్టుకుంటుంది, కాబట్టి 1/500 పరిమితి వల్ల వచ్చే ఇబ్బంది చాలావరకు తీరిపోతుంది. కొడాక్ ట్రై-ఎక్స్ కూడా ఈ పనికి అంతే బాగుంటుంది, ఏది తక్కువకి దొరికితే అది కొనండి.

మూడు రోల్స్ చాలు. రెండు 400 దగ్గర పగటికి, ఒకటి 800 దగ్గర రాత్రికి. 800, ఎఫ్/2.8, 1/30 అంటే దుకాణాల వెలుగు పడే వీధికి సరిపోయే లెక్క. దీపాలు పలచగా ఉన్నచోట 1/15కి దిగాల్సి వస్తుంది. 800లో తీసిన రోల్ మీద ఆ అంకె మార్కర్‌తో వెంటనే రాయాలి, మూడు నల్ల డబ్బాలు చూడ్డానికి ఒకేలా ఉంటాయి. మీ ఊళ్లో బ్లాక్ అండ్ వైట్ కడిగేవాళ్లు లేకపోతే ఇల్ఫర్డ్ ఎక్స్‌పీ2 సూపర్ తీసుకోండి. అది కలర్ ఫిల్మ్ కడిగే సీ-41 పద్ధతిలోనే కడిగే బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్, ఏ కలర్ ల్యాబ్ అయినా కడుగుతుంది.

ఫిల్మ్ ఎక్కువగా పాడయ్యేది కెమెరాలో కాదు, సెక్యూరిటీ దగ్గర. చెక్-ఇన్ లగేజీలో ఫిల్మ్ పెట్టనే కూడదు, అక్కడి స్కానర్లు తీవ్రమైనవి. చేతి సంచి చూసే పాత తరహా ఎక్స్-రే ఒకటి రెండుసార్లు తగిలినా 400 ఫిల్మ్‌కి ఏమీ కాదు. కానీ ఇప్పుడు పెద్ద విమానాశ్రయాల్లోకి వస్తున్న సీటీ స్కానర్లు ఒక్కసారికే నెగటివ్ మీద మబ్బు తెప్పిస్తాయి. వాటికి ఫిల్మ్ చూపించవద్దని కొడాక్, ఇల్ఫర్డ్ రెండూ చెబుతున్నాయి. ల్యాప్‌టాప్ బ్యాగులోంచి తీయక్కర్లేదని అన్నారంటే అది సీటీ యంత్రమేనని అనుమానించండి. రోల్స్‌ని అట్ట పెట్టెల్లోంచి తీసి పారదర్శకమైన జిప్ కవర్లో వేసి, ట్రే దాకా రాకముందే సీఐఎస్‌ఎఫ్ సిబ్బంది చేతికిచ్చి, "సర్, యే కెమెరా రీల్ హై, హాథ్ సే చెక్ కర్ లీజియే" అని, అంటే చేత్తోనే చూడమని అడగాలి. రద్దీ లేని వేళకి ముందే చేరుకుంటే ఒప్పుకునే అవకాశం ఎక్కువ. సీసం సంచి వాడకండి, లోపల ఏముందో కనబడక దాన్ని మళ్లీ మళ్లీ స్కాన్ చేస్తారు. కెమెరాలో సగం రోల్ పెట్టుకుని విమానం ఎక్కవద్దు. తలుపు తెరవమంటే ఆ ఫ్రేములు పోయినట్టే.

చాలామంది మరిచిపోయేది మెట్రో. ముంబయి మెట్రో 3 మీద బీకేసీలో (బాంద్రా కుర్లా కాంప్లెక్స్, ఆఫీసుల పేట) ఎక్కి హుతాత్మా చౌక్‌లోనో చర్చ్‌గేట్‌లోనో దిగొచ్చు, దక్షిణ ముంబయిలోని పాత పేట ఫోర్ట్‌కి వెళ్లడానికి అంతకన్నా సుఖమైన దారి లేదు. కానీ స్టేషన్ గేటు దగ్గర ప్రతిసారీ బ్యాగు ఎక్స్-రేలోంచి పోతుంది. రోజుకి నాలుగు ప్రయాణాలంటే నాలుగు మోతాదులు, అవన్నీ ఒకదాని మీద ఒకటి కలుస్తాయి. రోల్స్‌ని, కెమెరాను జేబులో పెట్టుకోండి. మెటల్ డిటెక్టర్ ఫిల్మ్‌ని ఏమీ చేయదు, మోగితే తీసి చూపిస్తే సరిపోతుంది.

వెలుగు లెక్క కూడా ముందే వేసుకోవాలి. ఓవల్ మైదానానికి తూర్పున హైకోర్టు, విశ్వవిద్యాలయం, పడమట ఆర్ట్ డెకో భవనాల వరుస. రెండు వైపులూ కలిపి 2018లో యునెస్కో జాబితాకెక్కాయి. సాయంత్రపు ఎండ తూర్పు వైపు గోతిక్ గోడల మీద పడుతుంది, పొద్దుటి ఎండ ఆర్ట్ డెకో ముఖాల మీద. ఉన్నది ఒక్క సాయంత్రమే అయితే హైకోర్టు వైపు చూడండి. రాజాబాయి గడియార స్తంభం ఎత్తు 85 మీటర్లు. కెమెరా పైకెత్తకుండా, స్తంభం వెనక్కి వాలకుండా 35 మి.మీ. లెన్స్‌లో నిలువు ఫ్రేములో పట్టాలంటే సుమారు 165 మీటర్ల దూరం కావాలి, అంటే మైదానం దాటి దాదాపు అవతలి అంచుకి వెళ్లాలి. బీకేసీలో మాత్రం అమెరికా కాన్సులేట్, వజ్రాల బోర్స్ పరిసరాల్లో కెమెరా ఎత్తవద్దు, గార్డులు వెంటనే వస్తారు. క్లయింట్ ఆఫీసు గేటు దగ్గర బ్యాగు చూసేటప్పుడు ఫిల్మ్ కెమెరా అని మీరే ముందు చెప్పి రిజిస్టర్లో రాయించుకుంటే బయటికొచ్చేటప్పుడు పేచీ ఉండదు.

వానాకాలంలో ఏసీ గదిలోంచి బయటికి రాగానే లెన్స్ మీద తేమ పడుతుంది. గుడ్డతో తుడిస్తే మళ్లీ పడుతుంది, లోపలి గాజుకి పడిందాన్ని తుడవనూ లేం. గదిలో ఉండగానే కెమెరాను జిప్ కవర్లో పెట్టి, బయటికొచ్చాక పావుగంట ఆగి తీయాలి. ఆ కవర్లోనే సిలికా జెల్ పొట్లం ఒకటి వేస్తే మేలు. ఫ్రిజ్‌లో దాచిన రోల్స్‌ని ప్రయాణానికి ముందు రోజు రాత్రే బయట పెట్టండి.

ఇంటికొచ్చాక సొంతంగా కడిగేవాళ్లకి: ఐడీ-11 డెవలపర్ (ఫిల్మ్ మీద బొమ్మ తేల్చే రసాయనం) నీళ్లు కలపని స్టాక్‌లో, 20 డిగ్రీల దగ్గర, 400లో తీసిన హెచ్‌పీ5కి ఏడున్నర నిమిషాలు, 800లో తీసినదానికి పదిన్నర. మన ఎండాకాలంలో కుళాయి నీళ్లు 30 డిగ్రీలు దాటుతాయి కాబట్టి డెవలపర్ సీసాను ఐసు నీళ్ల బకెట్లో నిలబెట్టి, థర్మామీటరు 20 చూపించాకే ట్యాంకులో పోయాలి. ఫిక్సర్‌నీ (బొమ్మను నిలిపే రసాయనం), కడిగే నీళ్లనీ కూడా దాదాపు అదే చల్లదనానికి తేవాలి. ఉన్నట్టుండి వేడి నీళ్లు తగిలితే గ్రెయిన్ (బొమ్మలోని సన్న చుక్కలు) గరుకెక్కుతుంది. ల్యాబ్‌కి ఇచ్చేవాళ్లు రాత్రి రోల్‌ని విడిగా కవర్లో పెట్టి "800, ఒక స్టాప్ పుష్" అని పైన రాసి ఇవ్వండి, రసీదు మీద కూడా ఆ మాట రాయించుకోండి.