పవర్ గ్రిడ్ దాడుల థ్రిల్లర్ కొనబోతున్నారా? ముందు ఇది చదవండి

పవర్ గ్రిడ్ మీద, గ్యాస్ పైప్‌లైన్ల మీద దాడులు, వాటి వెనక రాజకీయ కుట్ర అంటూ ఒక ఈబుక్ ఈ మధ్య ఎక్కడ చూసినా కనిపిస్తోంది. అట్ట మీద 'నిజ సంఘటనల ఆధారంగా' అని, కొనే పేజీలో 'సంపూర్ణ నవల' అని ఉంది. రెండూ అబద్ధమే. డబ్బు పెట్టి కొని, ఆఖరి పేజీ దాకా చదివే చెబుతున్నా.

ముందు పెద్ద మోసం సంగతి. కథ సగంలో ఆగిపోతుంది. సబ్‌స్టేషన్ పేల్చిందెవరో ఇంధన మంత్రికి తెలిసిపోయి, ఆ ఫైలు పట్టుకుని ప్రధాని గదిలోకి వెళ్తాడు, అంతే, కింద 'మిగతాది రెండో భాగంలో' అని ఒక లైను, ఆ తర్వాత పేజీలన్నీ వేరే పుస్తకాల ప్రకటనలు. మొదటి భాగం అన్న ముక్క కొనేచోట ఎక్కడా లేదు. భాగాలుగా రాయడం తప్పని నేననను, కానీ ఆ మాట డబ్బు తీసుకోకముందే చెప్పాలి కదా. రీఫండ్ అడిగితే 'మీరు చాలావరకు చదివేశారు, కుదరదు' అన్నారు. చివరిదాకా వెళ్తే తప్ప ముగింపు లేదని ఎవరికి తెలుస్తుంది? అదే అడిగాను, జవాబు లేదు.

ఇక నిజ సంఘటనలు. ఇందులో ఒకడు ఏదో గదిలో కూర్చుని బటన్ నొక్కితే దేశమంతా చీకటి, ట్రాన్స్‌ఫార్మర్లన్నీ కాలిపోతాయి, రెండు అధ్యాయాలు తిరిగేసరికి కొత్తవి వచ్చి కూర్చుంటాయి. పెద్ద పవర్ ట్రాన్స్‌ఫార్మర్ ఆర్డర్ ఇచ్చాక తయారు చేస్తారు, చేతికి రావడానికి ఏడాది పైనే పట్టొచ్చు. అసలు టెన్షన్ అంతా అక్కడే ఉంది, దాన్నే వదిలేశారు.

నిజంగా జరిగినవి ఎంత బాగుంటాయో చూడండి. 2015 డిసెంబర్ 23న ఉక్రెయిన్‌లో ఆపరేటర్ల కళ్ళ ముందే స్క్రీన్ మీద మౌస్ బాణం దానంతటదే కదులుతూ బ్రేకర్లు (లైన్లలో కరెంటు ఆపే పెద్ద స్విచ్‌లు) ఆఫ్ చేస్తూ పోయింది. సుమారు 2,25,000 కనెక్షన్లకి కరెంటు పోయింది, జనం ఫిర్యాదు చేయకుండా హ్యాకర్లు కాల్ సెంటర్‌ని దొంగ కాల్స్‌తో నింపేశారు, చివరికి సిబ్బంది సబ్‌స్టేషన్లకి వెళ్ళి చేత్తో స్విచ్‌లు వేసి కొన్ని గంటల్లో కరెంటు తెచ్చారు. 2013లో కాలిఫోర్నియాలోని మెట్‌కాఫ్ సబ్‌స్టేషన్‌లో ముందు ఫోన్ల ఫైబర్ కేబుళ్ళు కోసి, తర్వాత రైఫిళ్ళతో 17 ట్రాన్స్‌ఫార్మర్లని కాల్చారు, చల్లబరిచే ఆయిల్ కారిపోయి అవి ఆగిపోయాయి. అయినా కరెంటుని వేరే దారుల్లో మళ్ళించి ఊళ్ళు చీకటి కాకుండా చూసుకున్నారు. 2021 మేలో అమెరికాలో పెట్రోల్, డీజిల్ తీసుకెళ్ళే కలోనియల్ పైప్‌లైన్‌ని ఆపింది హ్యాకర్లు కాదు, ఆఫీసు కంప్యూటర్లు రాన్సమ్‌వేర్‌కి (ఫైళ్ళకి తాళం వేసి డబ్బడిగే వైరస్‌కి) చిక్కడంతో కంపెనీయే ఆపేసింది. రష్యా నుంచి జర్మనీకి సముద్రం అడుగున వేసిన నార్డ్ స్ట్రీమ్ గ్యాస్ పైప్‌లైన్ల పేలుళ్ళ గురించైతే చెప్పక్కర్లేదు, రాజకీయం కావాలంటే అంతకంటే ఏం కావాలి! ఈ పుస్తకంలో వీటి నీడ కూడా లేదు.

శాంపిల్ చూసి మాత్రం నమ్మకండి. మొదటి మూడు అధ్యాయాలు నిజంగానే బాగా రాశారు, ఉచితంగా ఇచ్చేది అవే. కొనాలనిపిస్తే ముందు తక్కువ రేటింగ్ రివ్యూలు చూడండి, కథ మధ్యలో ఆగిపోయిందని అక్కడ ఇంకొందరు కూడా రాశారు. ఇప్పటికే కొన్నవాళ్ళు ఎక్కువ పేజీలు తిప్పకముందే, గడువు లోపలే వాపసు పెట్టేయండి. రెండో భాగం ఎప్పుడొస్తుందో ఎక్కడా రాయలేదు.