మురానోలో అడుగు చూసి కొన్న గాజు

వెనిస్ వెళ్లొచ్చిన వాళ్లు, పక్కనే ఉన్న గాజు పనివాళ్ల దీవి మురానో పేరెత్తగానే రంగుల గురించి చెబుతారు. నాకు మాత్రం గాజు పాత్రల అడుగులే గుర్తొస్తాయి. మూడు రోజుల్లో ఎన్నింటిని బోర్లించి చూశానో లెక్కలేదు.

ఆ అలవాటు మా పిన్నిది. స్టీలు గిన్నెనైనా తిప్పి చూడందే సంచిలో వేసుకోదు. బయల్దేరేముందు "గాజుదైనా అంతేనే, అడుగు చూశాకే డబ్బులు తియ్యి" అంది. అప్పుడు నవ్వేశాను.

మొదటి రోజే బోల్తా పడ్డాం. వెనిస్‌లో సాన్ మార్కో కూడలి దగ్గర ఒకాయన ఉచితంగా బోటులో మురానో తీసుకెళ్లి కొలిమి చూపిస్తానన్నాడు. ఎక్కేశాం. పది నిమిషాలు గాజు గుర్రం చేసి చూపించారు, అది నిజంగా బాగుంది. తర్వాత పైన అమ్మకానికి పెట్టిన గాజుతో గది వెనక గది. ఒక కూజా 480 యూరోలన్నాడు. మావారు మొహం తిప్పుకోగానే 300 అన్నాడు, గుమ్మం దగ్గరికొచ్చేసరికి 220. ధర అంత తొందరగా దిగితే కోఠీలో కూడా నాకు అనుమానమే. ఏమీ కొనలేదు కాబట్టి తిరుగు బోటు లేదన్నారు. టికెట్ కొనుక్కుని అందరూ ఎక్కే వాపొరెట్టోలో, అంటే నీటి బస్సులో వచ్చాం.

మర్నాడు సొంతంగా వెళ్లాం. ఫొందమెంతె నోవె రేవు నుంచి 4.1, 4.2 లైన్లు పది నిమిషాల్లో మురానో చేరుస్తాయి. ఒక టికెట్ 9.50 యూరోలు, 75 నిమిషాలు చెల్లుతుంది. 24 గంటల పాస్ 25. రోజులో మూడుసార్లు ఎక్కేట్టుంటే పాసే నయం. ఆగస్టులో మాత్రం వెళ్లకండి, చాలా కొలుములు మూసేస్తారు.

షాపులకంటే ముందు గాజు మ్యూజియం చూడమని నా సలహా. 1861లో మొదలైన మ్యూజియం, జుస్తినియాన్ ప్యాలెస్‌లో ఉంది. మంటల భయంతో వెనిస్ ప్రభుత్వం 1291లో కొలుములన్నిటినీ ఈ దీవికి తరలించింది. బరోవియర్ అనే గాజు పనివాళ్ల కుటుంబం పేరుతో పిలిచే పదిహేనో శతాబ్దపు పెళ్లి గిన్నె ఇక్కడుంది, ముదురు నీలం గాజు మీద ఎనామెల్ బొమ్మలు. అసలుది కాసేపు చూశాక కన్ను కాస్త పదునెక్కుతుంది. మన సాలార్‌జంగ్‌లోనూ వెనిస్ గాజు ఉంది, కానీ రెబెక్కా బొమ్మ కోసం పరుగెడుతూ ఎన్నిసార్లు దాటేశానో!

అక్కణ్నుంచి కాలువ పక్కన ఒక చిన్న షాపు. ఉన్నది ఒక్కావిడే, పెద్దావిడ. నేను పాత్ర తిప్పడం చూసి నవ్వి, రెండు చిన్న కూజాలు తెచ్చి బల్ల మీద పక్కపక్కనే బోర్లించింది. మొదటిదాని అడుగున నున్నగా అరగదీసిన గుండ్రటి గుంట. పాత్ర మూతి తీర్చేటప్పుడు అడుగుకి ఇనపకడ్డీ అంటించి పట్టుకుంటారు, దాన్ని విరిచాక మిగిలిన మచ్చను అలా సానపడతారు. రెండోదానికి గుంట లేదు, పక్కన వేలు నడిపితే సన్నటి గీత తగిలింది. అచ్చులో పోసిన గాజు అది. అయితే గుంట ఉన్నంత మాత్రాన మురానోది అయిపోదని ఆవిడే చెప్పింది. చేత్తో ఊదే గాజు ఎక్కడిదైనా అలాగే ఉంటుంది.

తర్వాత బంగారు రేకు పొదిగిన గాజు. గాజును ఊదుతుంటే లోపలి రేకు చిరిగి చిన్న చిన్న తునకలవుతుంది. నకిలీదాని మీద పైపూత, గోటితో గీస్తే అంచు లేచింది. పాతదని చెప్పేవాటి అడుగున గీతలు చూడాలి. ఏళ్లపాటు బల్ల మీద జరిగితే గీతలు నానా దిక్కుల్లో, ఎక్కువగా ఆనే అంచు మీదే పడతాయి. అన్నీ ఒకే వైపు ఒకే లోతులో ఉంటే అది గరుకు కాగితం పని. మీటితే ఖంగుమనాలన్న మా పిన్ని పరీక్ష మాత్రం ఇక్కడ పనిచేయదు. ఖంగుమనేది సీసం కలిసిన క్రిస్టల్, మురానోది సోడా గాజు.

సంతకాన్ని నమ్మకండి. 1921లో మొదలైన వెనీని కంపెనీ రుమాలు ఆకారపు కూజాలకు సేకర్తల్లో గిరాకీ ఎక్కువ. ఆసిడ్‌తో వేసిన ఆ కంపెనీ ముద్రకే నకిలీలున్నాయి. 'మురానో' అని చెక్కడానికి ఒక డ్రిల్లు చాలు. 'మేడ్ ఇన్ ఇటలీ' అంటే ఇటలీలో ఎక్కడైనా. 'మురానో స్టైల్' అంటే మురానోది కాదనే. 1994లో వెనిస్ ఉన్న వెనెతో ప్రాంతం చట్టంతో తెచ్చిన 'వెత్రో ఆర్తిస్తికో మురానో' ముద్ర మీద తయారీదారు కోడ్ ఉంటుంది. కొత్తవాటికి అది ఉంటే ధైర్యం. కానీ ఆ ముద్ర పథకంలో చేరని కొలుములూ ఉన్నాయి, 1994కి ముందువాటికి ఎలాగూ ఉండదు.

బస విషయానికొస్తే, రెండు రాత్రులు మెస్త్రేలో ఉన్నాం. వెనిస్‌కు రైల్లో పది నిమిషాలు, గది శుభ్రం, అద్దె తక్కువ. కిటికీలోంచి కనిపించేది మాత్రం బస్ స్టాప్. మూడో రాత్రి మురానోలోనే, దాదాపు రెట్టింపు పెట్టి. లిఫ్ట్ లేదు, పెట్టె మోయలేక మావారు సణిగారు. ఏడు దాటాక బోట్ల జనం ఖాళీ. కాలువ గట్టున మేమిద్దరం, ఒక పిల్లి. మళ్లీ వెళ్తే మూడు రాత్రులూ అక్కడే. మరియా ఎ దొనాతో చర్చిలో 1140 నాటి మొజాయిక్ నేలను పొద్దున్నే రద్దీ లేకుండా చూసింది కూడా అందువల్లే.

చివరికి ఆ పెద్దావిడ దగ్గరే 35 యూరోలకు చిన్న గ్లాసొకటి కొన్నాం. బేరం ఆడలేదు, ఆవిడ తగ్గించనూ లేదు. బిల్లు మీద చేసిన కొలిమి పేరు, ఊరు రాసిచ్చింది.

ఇంటికొచ్చాక పిన్ని దాన్ని తిప్పి, గుంటలో బొటనవేలు పెట్టి రెండుసార్లు రాసి చూసింది. ఇప్పుడది వాళ్ల షోకేసులో బోర్లించే ఉంటుంది. వచ్చినవాళ్లకు ముందు అడుగు కనబడాలట.