యాప్ తయారు చేయించాలా, ముందు చేత్తో నడిపి చూడాలా?

కొత్త ఆలోచన రాగానే డెవలపర్ కోసం వెతుకులాట మొదలవుతుంది. నేను రెండు దారుల్లోనూ నడిచాను.

ఖర్చు: యాప్‌కి నెలల తరబడి జీతాలు, సర్వర్ బిల్లు. చేత్తో అయితే ఒక వాట్సాప్ నంబరు, ఒక గూగుల్ షీటు.

శ్రమ: యాప్‌కి ముందే ఎక్కువ. చేత్తో అయితే రోజూ ఉంటుంది, కానీ ఆ శ్రమలోనే అసలు విషయం దొరుకుతుంది. టిఫిన్ డబ్బాల సర్వీసుకి కొన్నాళ్లు నేనే ఆర్డర్లు రాసుకున్నాను. మెనూ అందంగా చూపించడం ముఖ్యమనుకున్నాం. జనం అడిగింది ఒక్కటే: "రేపు డబ్బా వద్దంటే రాత్రి ఎన్నింటిలోపు చెప్పాలండీ?" మేం ముందు పెట్టాల్సింది "రేపు వద్దు" అనే ఆ ఒక్క బటనే.

రిస్కు: 1999లో జాపోస్ అనే ఆన్‌లైన్ షూ షాపు మొదలుపెట్టిన నిక్ స్విన్‌మర్న్ ముందుగా స్టాకు కొనలేదు. షాపుల్లో షూస్ ఫొటోలు తీసి సైట్లో పెట్టి, ఆర్డరొచ్చాక కొని పంపాడు. జ్యూసెరో అనే కంపెనీ దీనికి ఎదురు: 2016లో నేరుగా 699 డాలర్ల జ్యూస్ మెషిన్ తెచ్చింది. అందులో పెట్టే ప్యాకెట్లను చేత్తో పిండినా రసం వస్తుందని మరుసటి ఏడాది బయటపడింది. 2017లోనే కంపెనీ మూతపడింది.

జనానికి కావాలో లేదో తెలియకపోతే చేత్తోనే మొదలుపెట్టండి. డబ్బు కట్టేవాళ్లుండి, మీరు అందుకోలేక ఆర్డర్లు వదులుకుంటుంటే యాప్ తయారు చేయించండి. రోగుల వివరాలు, జనం డబ్బు చేతిలో ఉండే పనులకైతే షీట్లు, వాట్సాప్ వద్దు. చిన్నదైనా సరే, మొదటి రోజు నుంచే భద్రమైన సాఫ్ట్‌వేర్ ఉండాలి.