ఆసుపత్రి బిల్లుకు సాయం అడగాలంటే: వెబ్‌సైటా, వాట్సాప్ గ్రూపా?

మా బావమరిది ఐసీయూలో ఉన్న మూడో రోజు బిల్లింగ్ కౌంటర్‌లో ఎస్టిమేట్ ఇచ్చారు. తొమ్మిది లక్షలు. పక్క బెడ్ తాలూకు ఒకాయన అది చూసి "ఆన్‌లైన్‌లో ఫండ్ రైజింగ్ పెట్టండి సార్" అన్నాడు. పెట్టాం. అంతకు ముందురోజే మా ఆవిడ తన డిగ్రీ స్నేహితుల వాట్సాప్ గ్రూపులో ఫోన్‌పే నంబరు పెట్టేసింది. అలా రెండు దారులూ ఒకేసారి నడిచి చూశాం.

వెబ్‌సైట్లలో మన దగ్గర ఎక్కువగా వినపడేవి మిలాప్, కెట్టో, ఇంపాక్ట్ గురు. మిలాప్ 2010లో, కెట్టో 2012లో మొదలయ్యాయి. ఏది ఎంచుకోవాలని పెద్దగా తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు, పని జరిగే తీరు దాదాపు ఒకటే. రోగి గుర్తింపు కార్డు, డాక్టర్ లెటర్, ఎస్టిమేట్ అడుగుతారు, పేజీ తెరుస్తారు. చూడాల్సింది ఖర్చుల లెక్క. "మా ఫీజు సున్నా" అన్న చోట కూడా డబ్బు పంపేవాళ్ల దగ్గర టిప్ అడుగుతారు. అది ముందే పెట్టి ఉంటుంది, తీసేయాలంటే మనమే వెతికి మార్చాలి. మా మామయ్య రెండు వేలు పంపబోయి ఫోన్ చేశాడు: "ఒరే, ఈ టిప్పు ఎవరికిరా? ఇదేమన్నా హోటలా?" ఆయన అడిగాడు కాబట్టి తెలిసింది. మిగతావాళ్లు ఎంతమంది చూడకుండా నొక్కేశారో! ప్రచారం కూడా వాళ్లనే చూసుకోమంటే ఆ యాడ్ల ఖర్చు ఎవరి మీద పడుతుందో ఒప్పందంలో చదివాకే సరే అనండి.

మరి వెబ్‌సైట్ ఎందుకు? ముక్కూమొహం తెలియనివాళ్లు నమ్మడానికి. కాగితాలు పేజీలోనే ఉంటాయి, వచ్చిన మొత్తం అందరికీ కనపడుతుంది, డబ్బు నేరుగా ఆసుపత్రి ఖాతాకు వెళ్లే వీలుంటుంది. 2021లో హైదరాబాద్‌లో ఒక పసివాడికి ఎస్‌ఎంఏ అనే అరుదైన కండరాల జబ్బుకు 16 కోట్ల ఇంజెక్షన్ కోసం వేలమంది ఇలాగే ఇచ్చారు. అంత మొత్తం వాట్సాప్‌లో పోగవడం కలలో మాట. కానీ అది చూసి మనకూ అలాగే వస్తుందనుకుంటే టెన్షనే మిగులుతుంది. మా పేజీలో వచ్చింది లక్షా ఎనభై వేలు, అందులో ముప్పావు వంతు మనవాళ్లదే. అదే మనవాళ్లు గ్రూపులో నేరుగా పంపింది మూడు లక్షల పైనే. టిప్పూ లేదు, ఎదురుచూపూ లేదు.

గ్రూపు దారిలో చిక్కు లెక్కల దగ్గర వస్తుంది. డబ్బు ఒకరి సొంత ఖాతాలో పడుతుంది కదా, నోట్‌బుక్‌లో పేరు పేరునా రాసి, బిల్లు కట్టిన రసీదులు గ్రూపులో పెట్టకపోతే రేపు చుట్టాల మధ్యే మాటొస్తుంది.

నాకు అన్నిటికన్నా నచ్చింది మూడో దారి. పెద్ద మొత్తం ఇచ్చేవాళ్లకు రోగి ఐడీ నంబరు చెప్పి ఆసుపత్రికే కట్టమనడం. ఆసుపత్రులకు యూపీఐలో ఒకేసారి 5 లక్షల దాకా పంపొచ్చు. రసీదు రోగి పేరు మీదే వస్తుంది, మన చేతికి డబ్బే తగలదు. ఏ దారిలో ఇచ్చినా, ఒక వ్యక్తి వైద్యానికి ఇచ్చిన డబ్బుకు 80జీ (విరాళాలకు ఆదాయపు పన్నులో ఇచ్చే) మినహాయింపు లేదు. అమెరికా నుంచి అన్నయ్య అడిగినా, ఆఫీసులో మేనేజర్ అడిగినా ముందే చెప్పేయండి.

అసలు వీటన్నిటికన్నా ముందు వెళ్లాల్సింది ఆసుపత్రిలో ప్రభుత్వ ఆరోగ్య పథకాల పని చూసే ఆరోగ్యమిత్ర దగ్గరికి. మేం నాలుగో రోజు వెళ్లాం, అదే మా తప్పు. తెలంగాణ ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షలకు పెరిగింది, ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ ఉంది. వాటికి రాని జబ్బయితే ముఖ్యమంత్రి సహాయ నిధి. సొంతంగా కట్టుకుని డిశ్చార్జ్ అయ్యాక దరఖాస్తు పెట్టాలంటే ఒరిజినల్ బిల్లులు కావాలి, కాబట్టి ఒక్క కాగితం పారేయొద్దు. చెక్కు రావడానికి నెలలు పడుతుంది, ఐసీయూ బిల్లుకు అది అక్కరకు రాదు, తర్వాత అప్పు తీర్చుకోవడానికి పనికొస్తుంది.

బావమరిది ఇంటికొచ్చాక వెబ్‌సైట్ వాళ్లకు మెయిల్ పెట్టి పేజీ మూయించాం. వాట్సాప్ మెసేజ్‌ను మాత్రం ఎవరూ మూయలేకపోయారు. మొన్న సంక్రాంతికి అది తిరిగి తిరిగి వాడి ఫోన్‌కే వచ్చింది, "అర్జెంట్, పది మందికి పంపండి" అంటూ.